ఊరు పెరుగుతుంటే బడి ఎందుకు మూతపడుతోంది? ఫ్రిస్కో సిటీ, పాఠశాల జిల్లా లెక్కలు

క్లుప్తంగా: టెక్సస్‌లో సిటీ వేరు, పాఠశాల జిల్లా వేరు. రెండింటికీ వేర్వేరు పాలకవర్గాలు, వేర్వేరు పన్నులు, వేర్వేరు హద్దులు ఉన్నాయి. ఎక్కడ ఎన్ని ఇళ్లు రావాలో సిటీ తేలుస్తుంది. ఆ ఇళ్లలోని పిల్లలకు బడి కట్టి నడపాల్సింది జిల్లా. స్టేడియంల విషయంలో ఫ్రిస్కోలో ఈ రెండూ చాలా ఊళ్లకంటే బాగా కలిసి పనిచేశాయి. పిల్లల సంఖ్య తగ్గడం మొదలయ్యాక ఆ భారం మాత్రం జిల్లా మీదే పడింది.

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో 1990లో ఆరు వేల పైచిలుకు జనం ఉండేవారు. 2000 జనగణనలో ఆ సంఖ్య 33,714. 2010కి 1,16,989 అయింది, 2020కి 2,00,509కి చేరింది. ఈ పెరుగుదలలో తెలుగు కుటుంబాలది పెద్ద వాటా. హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల్లో బంధువులను అడిగినా అక్కడ తెలిసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉన్నారంటారు. అక్కడ ఇల్లు కొన్నవాళ్లలో చాలామంది ముందు చూసింది బడినే.

అదే ఫ్రిస్కోలో 2024 నవంబరులో పాఠశాల జిల్లా ఓటర్ల ముందు పెట్టిన నాలుగు ప్రతిపాదనలూ ఓడిపోయాయి. అందులో నిర్వహణ పన్ను పెంపు ఒకటి. మిగతా మూడూ కలిపి సుమారు 108 కోట్ల డాలర్ల బాండ్లు, అంటే ఓటర్లు ఒప్పుకుంటే జిల్లా తెచ్చుకునే అప్పు. సిటీ పాత భాగంలోని స్టేలీ మిడిల్ స్కూల్‌ను 2024-25 విద్యాసంవత్సరంతో మూసేశారు. మరోవైపు సిటీ ఉత్తర భాగంలో కొత్త కమ్యూనిటీలు, అంటే ఇళ్ల సముదాయాలు వస్తూనే ఉన్నాయి, అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం పీజీఏ గోల్ఫ్ కేంద్రం నడుస్తోంది. ఇంత డబ్బున్న ఊళ్లో బడి మూయడమేమిటి, స్టేడియానికి ఉన్న డబ్బు టీచర్ల జీతాలకు ఎందుకు లేదు అన్న ప్రశ్నలు సహజంగానే వస్తున్నాయి. జవాబు కావాలంటే ఈ రెండు ప్రభుత్వాలూ ఎలా నడుస్తాయో చూడాలి.

ఒకే ఇల్లు, రెండు ప్రభుత్వాలు

ఫ్రిస్కోలో ఇల్లున్న వారికి ఏటా అక్టోబరు, నవంబరుల్లో ప్రాపర్టీ టాక్స్ బిల్లు వస్తుంది. జనవరి 31లోగా కట్టాలి. అందులో కౌంటీకి ఒక వరుస, కమ్యూనిటీ కాలేజీకి ఒకటి, సిటీకి ఒకటి, ఐఎస్‌డీకి, అంటే స్వతంత్ర పాఠశాల జిల్లాకి ఇంకొకటి ఉంటాయి. ఇటీవలి లెక్కల్లో ప్రతి నూరు డాలర్ల విలువకు సిటీ రేటు సుమారు 43 సెంట్లు, ఫ్రిస్కో ఐఎస్‌డీ రేటు సుమారు 1 డాలరు 3 సెంట్లు. బిల్లులో పెద్ద భాగం బడిదే అన్నమాట. సిటీకి ఆస్తి పన్నుతో పాటు అమ్మకం పన్నులోనూ వాటా ఉంది. షాపింగ్ మాల్ వస్తే సిటీ ఖజానా నిండుతుంది. జిల్లాకు అమ్మకం పన్నులో పైసా రాదు.

తెలుగు రాష్ట్రాల్లో పెరిగినవారికి ఇది కొత్త. ఇక్కడ ప్రభుత్వ బడి జిల్లా పరిషత్తుదైనా మునిసిపాలిటీదైనా జీతాలు రాష్ట్ర ఖజానా నుంచే వస్తాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ పురపాలక బడుల పర్యవేక్షణను కూడా పాఠశాల విద్యాశాఖకు అప్పగించింది. బడికోసం విడిగా ఎన్నికయ్యే పాలకవర్గం, దానికి సొంతంగా పన్ను వేసే అధికారం ఇక్కడ లేవు. ఫ్రిస్కోలో ఏడుగురు ట్రస్టీల బోర్డు ఉంటుంది. మేయర్‌కు ఆ బోర్డు మీద ఎలాంటి అధికారమూ లేదు. ట్రస్టీలకు సిటీ కౌన్సిల్ మీదా అంతే.

అమెరికా అంతటా ఇదే పద్ధతి అనుకోవడమూ పొరపాటే. వర్జీనియాలో స్కూల్ బోర్డులకు పన్ను వేసే అధికారం లేదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న లౌడన్ కౌంటీలో బడి డబ్బును కౌంటీ బోర్డే మంజూరు చేస్తుంది. అక్కడ ఇళ్లకు అనుమతి ఇచ్చే చేతే బడికీ డబ్బివ్వాలి కాబట్టి బడ్జెట్ తగాదాలు బహిరంగంగా జరుగుతాయి. కానీ కొత్త ఇళ్ల భారం ఎంతో లెక్క చూడకుండా తప్పించుకునే వీలు ఉండదు. టెక్సస్‌లో ఆ వీలు ఉంది.

హద్దులు కలవవు

ఫ్రిస్కో ఐఎస్‌డీ అంటే ఫ్రిస్కో సిటీ అని చాలామంది అనుకుంటారు. ఈ జిల్లాలోకి ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ ఊళ్ల భాగాలు వస్తాయి. ఫ్రిస్కో సిటీలోని కొన్ని ప్రాంతాలేమో ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ జిల్లాల కింద ఉన్నాయి. ఇల్లు కొనేవాళ్లు ఏజెంటును మొదట అడిగే ప్రశ్న "ఏ ఐఎస్‌డీ?" కావడానికి కారణం ఇదే. 2020లో తెరిచిన రాక్ హిల్ హైస్కూల్ ఉత్తరాలకు ఫ్రిస్కో చిరునామాయే రాస్తారు, కానీ ఆ బడి ప్రాస్పర్ ఐఎస్‌డీది.

ప్రస్తుత పరిస్థితిలో సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది. ఖాళీ నేల మిగిలి, కొత్త ఇళ్లు ఎక్కువగా వస్తున్న ఉత్తర ప్రాంతాల్లో చాలా భాగం ప్రాస్పర్ జిల్లాలో ఉంది. ప్రాస్పర్ ఓటర్లు 2023లో రెండు బిలియన్ డాలర్లకు పైగా, అంటే 200 కోట్లకు మించిన బాండ్లకు ఆమోదం తెలిపారు. ఫ్రిస్కో ఐఎస్‌డీ హద్దులో మిగిలిన నేల తక్కువ. సిటీ జనాభా పెరుగుతుండగానే సిటీ పేరున్న జిల్లాలో పిల్లలు తగ్గడం వింతేమీ కాదు.

ఇళ్లకు అనుమతి ఒకరిది, తరగతి గది ఖర్చు ఇంకొకరిది

కొత్త కమ్యూనిటీ కట్టే బిల్డరు నుంచి సిటీ ఇంపాక్ట్ ఫీజు, అంటే ఆ ఇళ్ల వల్ల పడే వసతుల ఖర్చులో వాటా వసూలు చేయవచ్చు. టెక్సస్ స్థానిక ప్రభుత్వ చట్టంలోని 395వ అధ్యాయం దానికి అనుమతిస్తుంది. ఆ జాబితాలో మంచినీరు, మురుగునీరు, వరదనీటి కాలువలు, రోడ్లు ఉన్నాయి. బడి లేదు. రెండు వందల ఇళ్ల కమ్యూనిటీకి పైపులైన్ ఖర్చులో బిల్డరు భాగం పెడతాడు. ఆ ఇళ్ల పిల్లలకు కావాల్సిన తరగతి గదుల కోసం జిల్లా బాండ్ ఎన్నిక పెట్టుకోవాలి. పాత ఇళ్లవాళ్లూ కొత్త ఇళ్లవాళ్లూ కలిసి ఆ అప్పును ఇరవై, ముప్పై ఏళ్లు తీరుస్తారు.

ఇతర రాష్ట్రాలు ఈ సమస్యను వేరేగా పట్టుకున్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో 1990 నాటి వృద్ధి నిర్వహణ చట్టం బడికీ ఇంపాక్ట్ ఫీజు వేసే అవకాశం ఇచ్చింది. సియాటిల్ పక్కన సమామిష్, ఇసక్వా సిటీలు ఆ ఫీజును వసూలు చేసి పాఠశాల జిల్లాకు ఇస్తాయి. కాలిఫోర్నియాలో చదరపు అడుగు చొప్పున బడి ఫీజు ఉంది. అయితే 1998 చట్టంతో ఒక షరతు పెట్టారు. ఫీజు కట్టాక, బడుల్లో చోటు లేదన్న కారణంతో సిటీ ప్రాజెక్టును తిరస్కరించకూడదు. ఫ్లోరిడా 2005లో ఇంకా ముందుకు వెళ్లి, బడిలో సీట్లున్నాయో లేదో చూశాకే ఇళ్లకు అనుమతివ్వాలని తప్పనిసరి చేసింది. 2011లో ఆ నిబంధనను సడలించి స్థానిక ప్రభుత్వాల ఇష్టానికి వదిలింది. టెక్సస్‌లో ఇలాంటి తప్పనిసరి లంకె ఏదీ లేదు. ఉన్నదల్లా ప్రభుత్వ సంస్థలు ఒకదానితో ఒకటి ఒప్పందం చేసుకోవచ్చని చెప్పే సహకార చట్టం ఒక్కటే. అది దారి చూపుతుంది కానీ, ఆ దారిన వెళ్లి తీరాలని చెప్పదు.

కోర్టు తీర్పులు కూడా సహకారం అవసరాన్ని పెంచాయి. 1964లో పోర్ట్ ఆర్థర్ జిల్లా కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు బడి భవనం సిటీ భవన నిబంధనలకు లోబడాల్సిందేనని చెప్పింది. 1973లో ఆస్టిన్ జిల్లా కేసులో, జోనింగ్, అంటే ఏ నేలను దేనికి వాడాలో చెప్పే నిబంధనల పేరుతో బడిని తన హద్దుల్లోకి రాకుండా సిటీ అడ్డుకోజాలదని తేల్చింది. ఎక్కడ కట్టాలో జిల్లా నిర్ణయిస్తుంది. ఎలా కట్టాలో సిటీ తనిఖీ చేస్తుంది. రోడ్డు, సిగ్నల్, నీటి గొట్టం సిటీ చేతిలో ఉంటాయి. బడి తెరిచే ఆగస్టు నాటికి దాని ముందున్న రోడ్డు పూర్తి కాకపోతే తల్లిదండ్రుల కార్ల వరుస ఏ మలుపు దాకా వెళ్తుందో అక్కడివారికి చెప్పక్కర్లేదు.

ఫ్రిస్కోలో 2003 దాకా ఉన్నది ఒకే ఒక్క హైస్కూల్. 2022లో పాంథర్ క్రీక్ తెరవడంతో ఆ సంఖ్య పన్నెండయింది. ఇరవై ఏళ్లలోపు పదకొండు హైస్కూళ్లు లేవాలంటే సిటీ ప్రణాళికా విభాగానికీ జిల్లా అధికారులకూ మధ్య రోజువారీ మాటా మంతీ లేకుండా సాధ్యం కాదు. బిల్డింగ్ పర్మిట్ల సమాచారం, నేల ఎంపిక, ఎలిమెంటరీ స్కూల్ పక్కనే పార్కు వచ్చేలా చూసుకోవడం, ఇవన్నీ ఫొటోలకెక్కని పనులు. అసలు సహకారం ఇదే అని గట్టిగా చెప్పవచ్చు.

కలిసి కట్టిన స్టేడియం

ఫొటోలకెక్కేది మాత్రం ఫోర్డ్ సెంటర్. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం 'ద స్టార్'లో 2016లో తెరిచిన 12,000 సీట్ల ఇండోర్ స్టేడియం ఇది. సిటీ, ఫ్రిస్కో ఐఎస్‌డీ, కౌబాయ్స్ కలిసి కుదుర్చుకున్న ఏర్పాటు. యాజమాన్యం సిటీది. కౌబాయ్స్ జట్టు అక్కడ సాధన చేస్తుంది. గురు, శుక్రవారం రాత్రుళ్లు అదే మైదానంలో హైస్కూల్ జట్లు ఆడతాయి. మే నెల చివర్లో అదే చోట గ్రాడ్యుయేషన్లు వరసగా జరుగుతాయి. గౌను, టోపీతో పిల్లలు ఒక ద్వారం నుంచి వస్తుంటే, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ పట్టుచీరలూ పంచెలతో స్టాండ్‌లో కూర్చుని ఫోన్లు పైకెత్తి పట్టుకునే దృశ్యం అక్కడ మామూలే. 2005లో తెరిచిన సాకర్ స్టేడియం, ఇప్పటి టొయోటా స్టేడియం కూడా ఇలాంటి భాగస్వామ్యంలోంచి వచ్చిందే. అక్కడా హైస్కూల్ జట్లు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాయి.

పక్క ఊళ్లతో పోల్చితే దీని విలువ తెలుస్తుంది. అలెన్ ఐఎస్‌డీ 2012లో సుమారు 6 కోట్ల డాలర్లతో 18,000 సీట్ల స్టేడియాన్ని ఒకే హైస్కూల్ కోసం కట్టింది. కాంక్రీటులో పగుళ్లు రావడంతో 2014లో మూసేసి, మరమ్మతు చేయించి 2015లో మళ్లీ తెరిచింది. మెకిన్నీ ఐఎస్‌డీ స్టేడియం 2018లో వచ్చింది. దాని ఖర్చు 7 కోట్ల డాలర్ల స్థాయిలో ఉంది. పన్నెండు హైస్కూళ్లున్న ఫ్రిస్కో జిల్లా ఆ భారమంతా ఒంటరిగా మోయాల్సిన పని లేకుండా ఇతరుల వేదికలను పంచుకుంది. దీన్ని దుబారా అనడం సరికాదు.

ఆ డబ్బు ఎక్కడిది అన్నదే అసలు అపోహ. జిల్లా వాటాకు ఆధారం 1997లో ఏర్పాటైన ఒక ప్రత్యేక పన్ను మండలం, టీఐఆర్‌జడ్. అలాంటి మండలం ఏర్పడిన ఏడాది ఆస్తుల విలువను ప్రాతిపదికగా గుర్తిస్తారు. ఆ తర్వాత పెరిగిన విలువ మీద వచ్చే పన్ను ఆ మండలం నిధిలోకే వెళ్తుంది. దాన్ని ప్రాజెక్టు ప్రణాళికలోని నిర్మాణాలకు వాడాలి.

జిల్లాకు ఇందులో లాభం ఏమిటో తెలియాలంటే 'రాబిన్ హుడ్' పద్ధతి గుర్తుండాలి. 1993 నుంచి టెక్సస్‌లో ఆస్తి విలువ ఎక్కువున్న జిల్లాల నుంచి రాష్ట్రం కొంత పన్నును వెనక్కి తీసుకుంటోంది. పాత టీఐఆర్‌జడ్‌లలో పెరిగిన విలువను రాష్ట్రం జిల్లా సంపద లెక్కలోంచి మినహాయిస్తుంది. అంటే ఆ పన్ను ఊళ్లోనే ఉంటుంది. 1999 మే తర్వాత ప్రతిపాదించిన మండలాలకు ఆ వెసులుబాటు లేదు. ఫ్రిస్కో మండలం అంతకు ముందే ఏర్పడింది కాబట్టి జిల్లాకు కలిసి రావడానికి గట్టి ఆర్థిక కారణం దొరికింది. తర్వాత పుట్టిన కొత్త శివారు ఊళ్లు ఈ నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చుకోలేకపోవడానికి కారణం ఇదే. నాయకుల మధ్య స్నేహం కొంత పనిచేసి ఉండవచ్చు. చట్టంలోని ఈ తేదీ అంతకంటే ఎక్కువ పనిచేసింది.

కట్టే డబ్బు, నడిపే డబ్బు

జిల్లా పన్నులో రెండు భాగాలుంటాయి. ఒకటి నిర్వహణది, ఎం అండ్ ఓ. జీతాలు, కరెంటు, బస్సుల డీజిల్ ఇందులోంచి వస్తాయి. రెండోది అప్పు తీర్చే భాగం, ఐ అండ్ ఎస్. బాండ్లతో కట్టిన భవనాలు, కొన్న నేల దీని కిందకు వస్తాయి. రెండో పెట్టెలోని డబ్బుతో టీచరుకు జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. రాబిన్ హుడ్ కోత పడేది మొదటి పెట్టెకే.

ఈ గీత ఎంత కఠినమైనదో 2016లో ఫ్రిస్కో స్వయంగా చూసింది. 2014 మేలో ఓటర్లు 77.5 కోట్ల డాలర్ల బాండ్లకు సరేనన్నారు. కొత్త బడుల పనులు సాగాయి. 2016 ఆగస్టులో నిర్వహణ పన్ను పెంపును మాత్రం తిరస్కరించారు. ఫలితంగా 2017లో తెరవాల్సిన నాలుగు బడులను జిల్లా ఏడాది వెనక్కి జరిపింది. కట్టడానికి డబ్బుంది, పాఠం చెప్పేవారిని పెట్టుకోవడానికి లేదు. ఆ ఏడాది ఆ చుట్టుపక్కల పిల్లలు కిక్కిరిసిన పాత బడులకే వెళ్లారు. 2018 నవంబరులో, అప్పు తీర్చే పన్ను తగ్గించి నిర్వహణ పన్ను పెంచే మార్పునూ, 69.1 కోట్ల డాలర్ల బాండ్లనూ ఓటర్లు కలిపి ఆమోదించాకే ఊపిరి తిరిగింది.

2024లో అలా జరగలేదు. రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 2019లో 6,160 డాలర్లుగా ఖరారైంది. ఆ తర్వాత ధరలు ఎంత పెరిగినా 2025 దాకా ఆ అంకె కదల్లేదు. 2025 చట్టంతో పెరిగింది 55 డాలర్లు. టీచర్ల జీతాలకు వేరే పద్దులో డబ్బు వచ్చినా, మిగతా ఖర్చుల ఒత్తిడి అలాగే ఉంది. పైగా టెక్సస్‌లో ఈ మొత్తం పేర్ల లెక్కన కాకుండా సగటు హాజరు లెక్కన వస్తుంది. పిల్లలు తగ్గితే ఆదాయం వెంటనే తగ్గుతుంది. భవనం, ప్రిన్సిపాల్, నర్సు, వంటగది ఖర్చులు తగ్గవు.

పిల్లలు ఎందుకు తగ్గారు?

ఫ్రిస్కో ఐఎస్‌డీలో విద్యార్థులు గరిష్ఠంగా 67 వేల దగ్గరకు చేరి, తర్వాత తగ్గుముఖం పట్టారు. ఒక్క కారణంతో ఇది జరగలేదు. జననాల రేటు దేశమంతా పడిపోయింది. చిన్న పిల్లలున్న జంటలకు ఫ్రిస్కోలో ఇంటి ధర అందనంత అయింది. వాళ్లు సెలైనా, ప్రిన్స్‌టన్ వంటి ఉత్తరపు ఊళ్ల వైపు వెళ్తున్నారు. మూడు శాతం వడ్డీకి ఇల్లు కొన్నవాళ్లు, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయినా 2022 తర్వాత పెరిగిన వడ్డీ రేట్లు చూసి ఇల్లు అమ్మడం లేదు. నాలుగు పడకగదుల ఇంట్లో ఇద్దరే ఉంటారు. ఇల్లు ఉంది, బడికి వెళ్లే పిల్లలు లేరు. చార్టర్ (ప్రభుత్వ డబ్బుతో, జిల్లాతో సంబంధం లేకుండా నడిచే) బడుల, ప్రైవేటు బడుల పోటీ ఎలాగూ ఉంది.

పక్కనున్న ప్లేనో ఈ దారిలో ఫ్రిస్కోకంటే ముందే నడిచింది. ప్లేనో ఐఎస్‌డీ 2024 జూన్‌లో రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్ స్కూళ్లను మూయాలని నిర్ణయించింది. ఒక తరం కిందట ప్లేనో కూడా ఇప్పటి ఫ్రిస్కోలాగే కొత్త ఊరు. ఒకే పదేళ్లలో కట్టిన ఇళ్లలో కుటుంబాల వయసులు ఒకే దగ్గర ఉంటాయి. కాబట్టి బడులు కలిసి నిండుతాయి, కలిసే ఖాళీ అవుతాయి. పెరిగే రోజుల్లో వేసే ప్రణాళికలో ఈ రెండో దశకు చోటు ఉండాలి. సాధారణంగా ఉండదు, ఎందుకంటే సిటీకి ఆ దశలో నష్టం కనపడదు. పెద్దవాళ్లు మిగిలిన ఇల్లు కూడా అంతే పన్ను కడుతుంది. పిల్లల పార్కు మీద ఖర్చు కూడా తగ్గుతుంది. జిల్లాకు మాత్రం ఆదాయంలో గండి పడుతుంది.

జోనింగ్ తాళం చేతులు మారింది

2025 సెప్టెంబరు 1 నుంచి అమలైన రెండు రాష్ట్ర చట్టాలు ఈ లెక్కను ఇంకోసారి మార్చాయి. ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 840 ప్రకారం మూడు లక్షలకు మించిన జనాభా ఉన్న కౌంటీల్లో, లక్షన్నరకు పైబడిన సిటీలు వాణిజ్య స్థలాల్లో అపార్ట్‌మెంట్లకు జోనింగ్ మార్పు అడగకుండానే అనుమతివ్వాలి. ఎస్‌బీ 15 అయిదెకరాలు, అంతకు మించిన కొత్త లేఅవుట్లలో చిన్న స్థలాల ఇళ్లకు దారి తెరిచింది. ఫ్రిస్కో ఈ పరిధిలోకి వస్తుంది.

ఇప్పటిదాకా కౌన్సిల్ సమావేశంలో జోనింగ్ కేసు వచ్చినప్పుడు జిల్లాకు ముందుగా తెలిసేది. ఏ కమ్యూనిటీ ఎప్పుడు వస్తుందో అంచనా వేసుకునే సమయం ఉండేది. ఓటింగే లేకపోతే ఆ హెచ్చరిక గంట పోతుంది. పర్మిట్ దరఖాస్తు సిటీ కౌంటర్‌కు వచ్చిన రోజే తొలి సమాచారం. ఒక్కో అపార్ట్‌మెంటు నుంచి వచ్చే పిల్లలు విడి ఇంటికంటే సాధారణంగా తక్కువే. కానీ అద్దె కట్టి అయినా మంచి బడి దగ్గర ఉండాలనుకునే యువ కుటుంబాలకు ఫ్రిస్కోలో అందుబాటులో ఉండేది అవే. ఖాళీ అవుతున్న పాత బడుల చుట్టూ ఇలాంటి ఇళ్లు వస్తే జిల్లాకు మేలు. ఇప్పటికే నిండిన బడి పక్కన వస్తే ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్లాలో చెప్పే అటెండెన్స్ హద్దులు మళ్లీ గీయాలి. ఆ టెన్షన్ తల్లిదండ్రులందరికీ తెలిసిందే.

భద్రత విషయంలోనూ ఇలాంటి ఎంపిక ముందుంది. 2023 చట్టం ప్రతి బడిలో సాయుధ అధికారి ఉండాలంది. అప్పట్లో రాష్ట్రం ఒక్కో బడికి ఇచ్చిన 15,000 డాలర్లు ఒక అధికారి జీతానికి ఏమాత్రం సరిపోలేదు. ప్రాస్పర్ ఐఎస్‌డీకి సొంత పోలీసు విభాగం ఉంది. ఫ్రిస్కో ఐఎస్‌డీ సిటీ పోలీసుల మీద ఆధారపడింది. ఖర్చు పంపకం ఎంతన్నది ఒప్పందం చుట్టూ తిరిగే బేరం.

మూసిన బడి భవనం సంగతి ఇంకా సున్నితమైనది. పాత ఇళ్ల మధ్య ఉన్న ఆ నేలను జిల్లా అమ్మితే ఒకసారి డబ్బు వస్తుంది. తర్వాత పిల్లలు మళ్లీ పెరిగితే అంత చోటు అదే పేటలో దొరకదు. సిటీ దాన్ని కమ్యూనిటీ సెంటర్‌గానో లైబ్రరీ శాఖగానో లీజుకు తీసుకుంటే నేల ప్రజల చేతిలోనే ఉంటుంది, జిల్లాకు నిర్వహణ భారం తప్పుతుంది. అలాంటి లీజుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న సహకార చట్టం చాలు. కావాల్సింది రెండు పాలకవర్గాలూ ఒకే పట్టిక చూసి మాట్లాడుకోవడం. ఏ పేటలో ఎన్ని పర్మిట్లు ఇచ్చారు, వాటి నుంచి ఏ తరగతికి ఎంతమంది వస్తారని అంచనా, ఏ బడిలో ఎన్ని సీట్లు ఖాళీ అన్నవి ఆ పట్టికలో పక్కపక్కనే ఉండాలి. ఏటా బాండ్ ప్రకటనకు ముందు దాన్ని ఓటర్ల ముందు కూడా పెడితే, నిర్వహణ పన్ను ఎందుకు అడుగుతున్నారన్న ప్రశ్నకు బిల్లు కట్టే కుటుంబానికి జవాబు ముందే దొరుకుతుంది.